నమూనా పేరు గోదావరి

శ్రీ అని రాశాడు. చెరుకు రైతుల సొసైటీ గుమాస్తా పరమేశ్వరన్న చేసిన తప్పు అంతే, ఆయన మీద అరుద్దామన్నా అంతకు మించి ఏమీ దొరకడం లేదు. నిన్న పొద్దున సొసైటీ ఆఫీసులో కొబ్బరికాయ కొట్టి, చెరుకు సీజన్ మొదలైందనిపించి, కంప్యూటర్లో కోత జాబితా తెరిచి, అన్నిటికంటే పైన ఒక కొత్త వరుస చేర్చి, అందులో శ్రీ అని రాసి దండం పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఏ కొత్త పుస్తకమైనా ఆయన అట్లాగే మొదలుపెడుతున్నాడు. కాగితం మీదైతే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. పై వరుసను ముట్టుకోవద్దన్నా, అందులో రైతు పేరు, ఊరు, కోత రోజు అని ఉన్నది చూశాకే సొసైటీ సైటులో నేను చేసిన పేజీ మిగతాదంతా చదువుకుంటుందన్నా అని మూడుసార్లు చెప్పాను. ముట్టుకోనన్నాడు, ముట్టుకోలేదు కూడా, దాని నెత్తిన ఇంకో వరుస పెట్టాడు. పేజీ వచ్చి పై వరుస చూసింది, అక్కడ రైతు పేరు లేదు, ఊరు లేదు, దేవుడున్నాడు. దేవుణ్ణి ఏం చేసుకోవాలో నేను దానికి నేర్పలేదు. జాబితా రాలేదనుకుని, అట్లాంటప్పుడు చూపించమని నేనే పెట్టిన నమూనా వరుసను బయటికి తీసి నిన్నటి నుంచి అందరికీ చూపిస్తోంది. గోదావరి, రుద్రూర్, కోత రేపు. గోదావరి మా అక్క. అది చూసి అక్క ఈ పొద్దున చెరుకు తోటకు అగ్గి పెట్టింది.

బస్సు టౌన్ చివర అర్సపల్లి దాటడానికే ఇరవై నిమిషాలు పట్టింది. బోధన్ మీదుగా బాన్సువాడ పోయే బస్సు, ఎక్కడ చూసినా ఆడవాళ్లే, కండక్టర్ ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు ఇస్తూ నా దగ్గరికి వచ్చేసరికి విసిగిపోయి ఉన్నాడు. ఎక్కడికమ్మా అంటే రుద్రూర్ అన్నాను. పక్క సీటులో ఒకామె ఒళ్లో తునికాకు కట్ట పెట్టుకుని నిద్రపోతోంది, బస్సు కుదిపినప్పుడల్లా ఆమె తల నా భుజం మీదికి వస్తోంది, వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది, పాపం ఆమె ఏం చేసిందని. మూడింటికి అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఒక బట్టల దుకాణం వాళ్ల పేజీకి ఎర్ర రంగు సరిపోలేదంటే మారుస్తున్నాను. ఆకు మొత్తం కాల్చేసిన సిందూ, ఈసారి కోతగాళ్ల ముకద్దం ఏం వంక పెడతడో సూస్త, నీ దాంట్ల నా పేరు ముందుగాలనే వచ్చింది గదా అంది. ఎంత సంబరంగా అందంటే, లేదక్కా అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నీ నంబరు నలభై ఒకటక్కా, నీ కోతకు ఇంకా ఇరవై ఆరు రోజులుందక్కా అని చెప్పాల్సింది. వస్తున్న అని పెట్టేశాను. ఇప్పుడు వస్తున్నాను, వచ్చి ఏం చేస్తానో మాత్రం తెలియదు.

కాల్చిన చెరుకు ఆగదు. అది తెలుసుకోవడానికి ఎవరూ చదువుకోనక్కర్లేదు, మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆకు కాలిపోయిన గడ రెండు రోజుల్లో నరికి బండి ఎక్కించాలి, మూడో రోజుకు రసం పులుస్తుంది, నాలుగో రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాసన చూసి బండి వాపస్ పంపుతారు. రెండెకరాలు, పన్నెండు నెలల పని. బావ వరికోత మిషన్ మీద డ్రైవర్, ఈ రోజుల్లో ఇంటికే రాడు, నాటడం, నీళ్లు, ఎరువు, కలుపు అన్నీ అక్కే. పోయిన ఏడాది కోతగాళ్లు అక్క తోటలో దిగి, ఆకు మస్తుగున్నది, చేతులు కోసుకుపోతున్నయి అని సగం నరికి వెళ్లిపోతే, మిగతా సగం ఎనిమిది రోజులు ఎండలో నిలబడింది, అక్క రోజూ వాళ్ల గుడిసెల దగ్గరికి పోయి నిలబడింది. కాల్చిన తోటైతే వాళ్లకు ఆకు దులిపే పని ఉండదు, తొందరగా దిగుతారు. అందుకే ఈసారి ముందే కాల్చింది. గాలి లేని టైం చూసి, చుట్టూ నీళ్లు చల్లి, ఎంత జాగ్రత్తగా కాల్చిందో. నాకు ఒక్క మాట ఫోన్ చేసి అడగలేదు. ఎందుకడుగుతుంది? పరమేశ్వరన్న నోటితో చెప్పి ఉంటే పదిసార్లు అడిగేది, నమ్మేది కాదు. చెల్లె చేసిన దాంట్లో వచ్చింది కాబట్టి నమ్మింది.

జానకంపేట దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, బస్సు మెల్లగా పోతోంది, ఇంకా మెల్లగా పోరా నాయనా, నాకేం తొందర. మూడు వారాలు. మూడు వారాలు కూర్చున్నాను ఆ పేజీ మీద. సొసైటీ వాళ్లది చాలా సులభమైన సైటు, పేజీ బిల్డర్‌తో కట్టింది, అంటే ఇటుకలు పేర్చినట్టు ఒక పెట్టెలో బొమ్మ, ఒక పెట్టెలో రాత, పట్టుకుని లాగి అక్కడ పెడితే పేజీ తయారు. ఎవరైనా చేయవచ్చు. చిక్కేమిటంటే అందులో రాసింది రాసినట్టే ఉంటుంది, మళ్లీ ఎవరో వచ్చి మార్చేదాకా. సొసైటీ అధ్యక్షుడికి అది నచ్చలేదు, రోజూ దానంతట అదే మారాలమ్మా, డైనమిక్ కావాలె అన్నాడు, ఆ మాట ఎక్కడ నేర్చుకొచ్చాడో. ఆ బిల్డర్‌కు అట్లాంటి పెట్టె లేదు. నేను రాశాను. పరమేశ్వరన్న తన జాబితాలో ఏది మారిస్తే అది పేజీలో తనే వచ్చేలా, కోత అయిపోయిన పేరు పైనుంచి పోయి కిందిది పైకి జరిగేలా, బిల్డర్‌లో లేని కొత్త పెట్టె ఒకటి నా చేతులతో తయారు చేశాను. మొదటిసారి అది పనిచేసినప్పుడు మా ఆఫీసులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. సిగ్గులేని ముఖం. ఇప్పుడు గుర్తుకొస్తే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మరి నమూనా వరుస ఎందుకు పెట్టావు అంటే, అదీ ఆయన పుణ్యమే, అధ్యక్షుడిది. చూపించడానికి పోయిన రోజు నెట్ సరిగా లేక జాబితా రాలేదు, పేజీ ఖాళీగా ఉంది. నలుగురు డైరెక్టర్ల ముందు ఆయన కళ్లద్దాలు తీసి, ఏం కనవడ్తలేదు గదమ్మా, ఖాళీ పేజీ జూపిస్తే రైతులు ఏమనుకుంటరు అన్నాడు. పని చేయలేదనుకుంటాడేమోనని భయపడ్డాను. జాబితా అందలేదు, ఆఫీసుకు ఫోన్ చేయండి అని ఒక్క ముక్క పెడితే సరిపోయేది, చిన్నపిల్లకైనా తట్టేది. నేను అందం చూశాను. వరుస ఎట్లా కనబడుతుందో తెలియాలి కదా అని ఒక పేరు, ఒక ఊరు, ఒక రోజు పెట్టాను. ఏ సైటు చేసినా, ఏ ఫారం పరీక్షించినా నా వేళ్లకు వచ్చే మొదటి పేరు గోదావరే. ఆసుపత్రి వాళ్ల సైటులో మా అక్క పేషెంటు, ఫంక్షన్ హాల్ వాళ్ల సైటులో పెళ్లికూతురు తల్లి, ఒకసారి కోచింగ్ సెంటర్ వాళ్ల దాంట్లో ఫస్ట్ ర్యాంకు. అన్నీ తర్వాత తీసేశాను. దీన్ని మాత్రం తీయలేదు. ఎప్పుడో ఒక నిమిషం నెట్ పోతే కనబడుతుంది, మళ్లీ పోతుంది, ఎవరు చూస్తారనుకున్నాను. ఎవరో చూడడం కాదు, అక్కే చూసింది.

సొసైటీ ఆఫీసు గోడకు ఇదివరకు నల్లబోర్డు ఉండేది, రేపు ఎవరిదో పరమేశ్వరన్న చాక్‌పీసుతో రాసేవాడు. నా పేజీ వచ్చింది కదా అని దాన్ని తీయించారు. బోర్డు ఉంటే అక్క ఆ దారిన పోయేటప్పుడైనా చూసేది. ఎడపల్లిలో బస్సు ఆగింది, చాలామంది దిగారు, కొందరు ఎక్కారు, ఒక తల్లి కిటికీలోంచి సంచి లోపలికి ఇచ్చి ఇది పట్టుకోమ్మా అంది, పట్టుకున్నాను, ఎవరిదో ఏమిటో చూడకుండా పట్టుకున్నాను. ఫోన్‌లో పేజీ తెరిచే ఉంది. గోదావరి, రుద్రూర్, కోత రేపు. నా పేజీ ఇంత పద్ధతిగా, ఇంత శుభ్రంగా అబద్ధం చెబుతోంది, అక్షరాల సైజు కూడా బాగా కుదిరింది. దిద్దడం ఎంతసేపు? జాబితా నా ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. పై వరుస మీద వేలు పెట్టి తీసేస్తే చాలు, అర నిమిషంలో పేజీ బాగుపడుతుంది. మూడింటి నుంచి ఆ అర నిమిషం నాకు దొరకలేదు. దొరకలేదా, దొరకనివ్వలేదా? మనసులోకి వచ్చిన మాట ఇంకా నాకు నేను చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకోక తప్పదు. దిద్దకపోతే?

దిద్దకపోతే ఏమవుతుంది? కోతగాళ్ల పెద్ద బాపురావు, దెగ్లూర్ పక్కనుంచి పది బండ్లతో మనుషులను తీసుకుని ఇవాళ పొద్దునే దిగిన ముకద్దం, పోయిన ఏడాది దాకా రోజూ సాయంత్రం ఆఫీసుకు వచ్చి ఉద్యా కుఠే అని మరాఠీలో అడిగేవాడు, రేపు ఎక్కడ అని. ఈసారి రానక్కర్లేదని చెప్పారు. ఆరింటికి గుడిసె ముందు కూర్చుని నా పేజీ చూస్తాడు, ఎవరి పేరు పక్కన రేపు అని ఉంటే తెల్లారకముందే బండ్లన్నీ ఆ తోటకు కదులుతాయి. ఇప్పుడు టైం ఐదు కావడానికి పది నిమిషాలుంది. ఇంకో గంటా పది నిమిషాలు ఈ ఫోన్ సంచిలో పడేసి ఊరుకుంటే, బాపురావు గోదావరి పేరు చూస్తాడు, రేపు పొద్దున అక్క తోట నరుకుతారు, ఎల్లుండికల్లా ఫ్యాక్టరీకి పోతుంది. తర్వాత పేజీ బాగు చేస్తాను. ఏమైందని ఎవరైనా అడిగితే పరమేశ్వరన్న రాసిన శ్రీ ఉండనే ఉంది. నేను ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా కూర్చోవడమే. రేపు నిజంగా ఎవరి వంతు? లింబయ్యది. అందరికంటే ముందు నాటినవాడు, అందుకే మొదటి నంబరు. ఆయనకు ఒక్క రోజు వెనక్కి పోతుంది, ఒక్క రోజే కదా. ముదిరిన చెరుకు రోజురోజుకూ తేలికవుతుందని నాకు తెలుసు, అయినా ఒక్క రోజే కదా. అక్కది మొత్తం పోతుంది. అడిగి చూస్తే? అధ్యక్షుణ్ణి అడిగితే, కాల్చినోళ్లకు ముందు ఇస్తే అందరూ కాలుస్తరమ్మా అంటాడు, ఆ మాట తప్పు కూడా కాదు, అందుకే ఇంకా కోపమొస్తుంది.

బోధన్ వచ్చేసింది. శక్కర్‌నగర్ వైపు మూతబడ్డ పాత ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతోంది, చిన్నప్పుడు ఈ సీజన్లో ఇక్కడ దిగగానే బెల్లప్పాకం వాసన వచ్చేది, అక్క నా చెయ్యి పట్టుకుని బండ్ల వెంట పరిగెత్తి గడలు గుంజేది, దొరికిపోతే నా చెల్లెకే అని నన్ను ముందుకు తోసేది. నన్ను చూసి తిట్టేవాళ్లు కాదు, నేను అంత బక్కగా ఉండేదాన్ని. బస్టాండ్‌లో బస్సు పది నిమిషాలు ఆపుతామన్నారు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు రైతులు ఒకే ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. ఏం చూస్తున్నారో నాకు కనబడలేదు, నా పేజీయేనని మాత్రం ఎందుకో గట్టిగా అనిపించింది. ఇంతసేపూ అక్క ఒక్కతే దాన్ని చూసినట్టు ఆలోచిస్తున్నాను. నిన్నటి నుంచి చూసినవాళ్లంతా ఏం చేసి ఉంటారు? నలభైమంది తమ పేరు కోసం వెతికి ఉంటారు, ఎవరి పేరూ లేదు. పేరు లేనివాడు ఏం చేస్తాడు? ఒకరు కూలీలకు రావద్దని చెప్పి ఉంటారు, ఒకరు బండి ఇంకొకరికి ఇచ్చి ఉంటారు. అక్క నాకు ఫోన్ చేసింది కాబట్టి అక్క చేసింది తెలిసింది, మిగతావాళ్లు నాకెందుకు ఫోన్ చేస్తారు? ఈ పేజీ ఇట్లా ఉన్న ప్రతి నిమిషం ఎక్కడో ఎవరో మళ్లీ తిప్పుకోలేని పని చేస్తున్నారు. నేను బస్సులో కూర్చుని ఒక్క రోజే కదా అని లెక్కలు చెప్పుకుంటున్నాను.

వేలు పెట్టాను. శ్రీ అని ఉన్న వరుస నీలంగా మారింది, తీసేయాలా అని ఫోన్ అడిగింది. నేను కూడా పదో తరగతి దాకా ప్రతి పరీక్ష కాగితం మీద అదే రాసుకుని మొదలుపెట్టినదాన్ని. తీసేశాను. పేజీ ఒకసారి తెల్లబడింది, తర్వాత పేర్లు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, జలజలా కిందిదాకా అన్నీ వచ్చాయి, ఎక్కడి తేదీలు అక్కడ సరిగ్గా కూర్చున్నాయి. మూడు వారాలు దేనికోసం తల పగలగొట్టుకున్నానో అది ఎంత బాగా పనిచేస్తోందో చూస్తుంటే ఏడుపొచ్చింది. లింబయ్య, కోత రేపు. మా అక్క పేరు పైన లేదు. ఎక్కడో అడుగున ఉంది, చూడలేదు. నా చేతులతో అక్క తోటను నేనే ఎండబెట్టినట్టయింది. బస్సు కదిలింది. ఇక మిగిలింది ఒక్కటే దారి, సొసైటీలో పాత పద్ధతి ఒకటి ఉంది, ఇద్దరు రైతులు ఒప్పుకుంటే నంబర్లు మార్చుకోవచ్చు, ఆరింటిలోపు పరమేశ్వరన్నకు ఫోన్‌లో ఒక మాట చెబితే చాలు. ఈయన నంబరు ఆమెకు, ఆమె నంబరు ఈయనకు, మధ్యలో ఇంకెక్కడా దూరడానికి ఉండదు. మొదటి నంబరు వాడు నలభై ఒకటి ఎందుకు తీసుకుంటాడు? నేనైతే తీసుకోను. అయినా జాబితాలో లింబయ్య పేరు పక్కనున్న ఫోన్ నంబరు నొక్కాను. మీ రుణం తీర్చుకోలేమని అనాలా, ముందు తప్పు ఒప్పుకోవాలా అనుకుంటుండగానే అవతల ఎత్తారు. ఏదో మోటరు చప్పుడు, దానిమీద ఆయన గొంతు.

గోదావరి చెల్లెను పెద్దబాపూ, సింధూజను, ఆ పేజీ చేసింది నేనే అన్నాను. అది రెండు రోజులుగా తప్పు చూపిస్తోందని, తప్పు నాదేనని, అక్క అది నమ్మి తోట కాల్చుకుందని, రేపటి వంతు ఆయనదేనని, ఒక్కటీ దాచకుండా ఒక్క ఊపున చెప్పేశాను. ఇక అడగాల్సిన మాట ఒక్కటే మిగిలింది, అది అడగలేదు. ఆయనే మాట్లాడాడు.

"మా కోడలు నిన్ననే జూపిచ్చింది బిడ్డా. ఒక్క మీ అక్క పేరే ఉన్నది, నాది లేదు. పరమేశ్వర్‌కు నా మీద పాత కోపమున్నది, తీసేసిండు గావచ్చు అనుకున్న. ఎన్నడస్తదో ఏమో, చెరుకు ఎండిపోతదని పొద్దుగాల మోటర్ వేసిన. తోటంత నీళ్లే. ఎనిమిది దినాలదాక అండ్ల బండి దిగదు."

కోతకు పదిహేను రోజుల ముందే నీళ్లు ఆపి, నేల గట్టిపడేదాకా కాచుకుని కూర్చున్న మనిషి. అంటే రేపు ఆయన తోటలో కోత ఎట్లాగూ లేదు. ఆ మాట అర్థం కాగానే హమ్మయ్య అనిపించింది, నిజంగానే అనిపించింది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం పుట్టింది. నేను అడగనే లేదు.

"మీ అక్కకే ఇయ్యి. కాలినదాన్ని ఆపుతమా. పరమేశ్వర్‌కు నేను ఫోన్ జేస్త," అన్నాడు. మళ్లీ తనే, "మరి ఆమె నంబరు నాకొస్తది గదా. ఎన్నో నంబరో నీ దాంట్ల సూసి చెప్పు," అన్నాడు.

ఆ నంబరు నాకు తెలుసు. అయినా పేజీ తెరిచాను, చూసి చెప్పమన్నాడు కాబట్టి. పైన లింబయ్య అని ఉంది. కిందికి జరిపాను. పది పేర్లు పోయాయి, ఇరవై పోయాయి, ముప్పై పోయాయి, ఒక్కటీ తడబడకుండా వరుసగా వస్తున్నాయి. బస్సు కుదుపుకు పక్కనున్నామె తల మళ్లీ నా భుజం మీద పడింది, ఈసారి నేను కదలలేదు. "దొరికిందా బిడ్డా," అన్నాడాయన.

"నలభై ఒకటి, పెద్దబాపూ. ఇరవై ఆరు దినాలు."

అవతల ఆయన మోటరు దగ్గరికి నడిచినట్టున్నాడు, చప్పుడు పెద్దదైంది.

"అయితే మోటర్ నడువనీ," అన్నాడు.